ఏడెనిమిదులు యాభైఆరు

(విశాఖపట్నంలో డాన్స్ నేర్చుకుంటున్న పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రుల ముందు ఒక కూచిపూడి కళాకారిణి చేసిన ప్రసంగం ఇది. ఆ సాయంత్రం రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు లోపలికి రండి, ముందు వరసంతా ఖాళీగానే ఉంది. మన ఊళ్ళో ఏ సభకి వెళ్ళినా ఇంతే, మొదటి వరస ఖాళీ, గుమ్మంలో జనం. రండమ్మా, పరవాలేదు, లేపి ప్రశ్నలేమీ అడగను.

రెండు డాన్స్ బృందాలు కలిసి ఒక ప్రదర్శన చేయడం గురించి మాట్లాడమన్నారు. ఫోన్లో అయితే "ఫ్యూజన్ గురించి ఒక అరగంట చెప్పండి మేడమ్" అన్నారు. వస్తాను గానీ ఆ మాట పోస్టర్ మీద వేయకండి అన్నాను. ఎందుకంటారా? ఫ్యూజన్ అనగానే మనకి ఒక దృశ్యం కళ్ళ ముందుకొస్తుంది. పట్టుబట్టలో అమ్మాయి ఒక పక్క, జీన్స్ వేసిన అబ్బాయి ఒక పక్క, చివర్లో అందరూ ఒకే స్టెప్పు. కాలేజీ యానివర్సరీకి బాగానే ఉంటుంది, నేను కాదనను. నేను చెప్పబోయేది మాత్రం అది కాదు.

నేను కూచిపూడి నేర్చుకున్నదాన్ని. ఇప్పుడు ఆడటం తగ్గించి నట్టువాంగం, అంటే తాళం వేస్తూ నోటితో అడుగుల లెక్క చెప్పడం, చేస్తున్నాను. మోకాళ్ళు మాట వినడం మానేశాక నోటితో ఆడుతున్నాననుకోండి. మా బృందంలో ఐదుగురు. అందరూ కూచిపూడి పిల్లలే, కానీ కొత్త కొత్త విషయాలు తీసుకుని చేస్తాం. మాతో కలిసిన బెంగళూరు బృందంలో నలుగురు, పూర్తిగా కంటెంపరరీ. వాళ్ళలో ఒకమ్మాయి బాలే నుంచి వచ్చింది, ఒకబ్బాయి కేరళ యుద్ధవిద్య కలరిపయట్టు నుంచి. మూడు వారాల రిహార్సల్, నలభై నిమిషాల ప్రదర్శన. విషయం సముద్రం. విశాఖలో కూర్చుని ఇంకేం పెడతాం చెప్పండి? బృందాల పేర్లు చెప్పను. ఎందుకంటే గొడవలు కూడా చెప్పబోతున్నాను.

మొదలుపెట్టకముందే మా పెద్దాయన ఒకరు హెచ్చరించారు. "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవమ్మా, చూసుకో" అని. నేను నవ్వి ఊరుకున్నాను. మొదటి రోజు పదిన్నరకే ఆయన గుర్తొచ్చారు.

ఏం జరిగిందంటే, వాళ్ళ డైరెక్టర్ "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్" అంది. అనగానే వాళ్ళ నలుగురూ కదిలారు. మావాళ్ళు ఐదుగురూ అలాగే నిలబడ్డారు. మా అందరిలోకీ చిన్నపిల్ల నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది, "అక్కా, ఐదు నుంచి ఎందుకు మొదలుపెట్టారు? ఒకటి నుంచి నాలుగు దాకా ఏమైపోయాయి?" అని. మంచి ప్రశ్న కదా? ఆ నాలుగూ వాళ్ళు లోపల లెక్కపెట్టేసుకుంటారు. అది వాళ్ళకి పుట్టినప్పటి నుంచీ తెలిసిన విషయం, మనకి ఎవరూ చెప్పలేదు. అలాగే మనం పాటని తాళంతో పాటే ఎత్తుకోకుండా ఒక అర అక్షరం ఆగి ఎత్తుకుంటామా, అది వాళ్ళకి పిచ్చెక్కించింది. "మీ ఒకటి ఎక్కడుంది? అసలు మీకు ఒకటి ఉందా?" అని అడిగారు.

తర్వాత అసలు గొడవ. మా జతి, అంటే నోటితో పలికే అడుగుల వరస, మిశ్రచాపు అనే తాళంలో ఉంది. తకిట తకధిమి, తకిట తకధిమి. మూడూ నాలుగూ ఏడు. వాళ్ళు దేన్నయినా ఎనిమిదితో లెక్కపెడతారు. మొదటి రౌండుకి ఒక దెబ్బ తేడా, రెండో రౌండుకి రెండు. నాలుగో రౌండుకి ఎవరు ఎక్కడున్నారో దేవుడికెరుక. మీవాళ్ళు తొందరపడుతున్నారని వాళ్ళు, మీవాళ్ళు సాగదీస్తున్నారని మేము. పోనీ మీరు ఎనిమిదికి రండి అన్నారు. ఏడుని ఎనిమిది చేస్తే ఆ జతి కుంటుతుంది, ప్రాణమే పోతుంది. మీరు ఏడుకి రండి అన్నాం. ఊపిరి తీసుకోవడమే ఎనిమిదికి అలవాటు చేసుకున్న ఒళ్ళు వాళ్ళది. రెండు రోజులు పోయాయి. మూడు వారాల్లో రెండు రోజులంటే తక్కువేం కాదు.

దీన్ని తీర్చింది ఎవరనుకున్నారు? మనవరాలిని దింపడానికి వచ్చి మూల కుర్చీలో కూర్చునే ఒక మామ్మగారు. రిటైరైన టీచరు. రెండు రోజులు మా గోల అంతా విన్నారు. మూడో రోజు ఇక విసుగొచ్చినట్టుంది, "ఏడెనిమిదులు యాభైఆరు కదమ్మా, అక్కడ కలుస్తార్లే, ఎందుకింత రభస?" అన్నారు. ఎక్కం! మేమందరం ఒకటో క్లాసులో అరిచి అరిచి నేర్చుకున్న ఎక్కం! మాకు తట్టనేలేదు.

అంటే ఏమిటి? మేము మిశ్రచాపు ఎనిమిది ఆవర్తాలు, అంటే ఎనిమిది చుట్లు, వేస్తే యాభైఆరు. వాళ్ళు ఎనిమిదులు ఏడు వేస్తే యాభైఆరు. యాభైఆరో దెబ్బకి ఇద్దరికీ లెక్క పూర్తవుతుంది, ఆ తర్వాతి దెబ్బ ఇద్దరికీ ఒకటి. ఎవరూ ఎవరి లెక్కా మార్చుకోనక్కర్లేదు. మధ్యలో విడిపోతారు, విడిపోయినట్టు చూసేవాళ్ళకి తెలుస్తుంది, తెలియాలి కూడా. టెన్షన్ వస్తుంది, అరే వీళ్ళు తప్పుతున్నారేమో అని. అప్పుడు ఒక్కసారిగా తొమ్మిది మంది పాదాలు ఒకేసారి నేల మీద పడతాయి. ప్రదర్శనలో ఆ ఘట్టం తప్ప ఏదీ గుర్తులేదన్నవాళ్ళు ఉన్నారు. మిగతా ముప్పైతొమ్మిది నిమిషాలు చేసినందుకు నాకు కొంచెం బాధే అనుకోండి.

మేమేదో కనిపెట్టామని చెప్పడం లేదు. అమెరికాలో మెర్స్ కన్నింగ్‌హామ్ అనే నృత్య దర్శకుడు, జాన్ కేజ్ అనే సంగీతకారుడు దశాబ్దాల పాటు కలిసి పనిచేశారు. వాళ్ళు ముందుగా ఒప్పుకునేది చాలాసార్లు ఒక్కటే, ఎన్ని నిమిషాలు అని. డాన్స్ డాన్సే, సంగీతం సంగీతమే. మొదటి ప్రదర్శన రోజు దాకా ఆ సంగీతం ఎలా ఉంటుందో డాన్సర్లకే తెలియని సందర్భాలున్నాయి. మనకి అంత ధైర్యం లేదు, యాభైఆరుకైనా కలవాలి.

ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది మనకి బాగా దగ్గరది. బెంగళూరు పక్కన హెసరఘట్టలో నృత్యగ్రామ్ అనే డాన్స్ గురుకులం ఉంది. ప్రోతిమా బేడీ 1990లో పెట్టారు. ఆవిడ 1998లో మానససరోవర యాత్రకి వెళ్తూ కొండచరియలు విరిగిపడి పోయారు. తర్వాత శిష్యులు నడుపుతున్నారు. వాళ్ళది ఒడిస్సీ, ఒడిశా నృత్యం. శ్రీలంకలో చిత్రసేన డాన్స్ కంపెనీ ఉంది, కొలంబోలో. 1940లలో చిత్రసేన మొదలుపెట్టారు, ఇప్పుడు మనవరాళ్ళ తరం నడుపుతోంది. వాళ్ళది కాండ్యన్, అక్కడి కాండీ ప్రాంతపు నృత్యం. ఈ రెండూ కలిసి 2012లో ఒక ప్రదర్శన చేశాయి. నృత్యగ్రామ్ వైపు నుంచి సురూపా సేన్ కొరియోగ్రఫీ, కాండ్యన్ వైపు నుంచి హేష్మా విగ్నరాజా. దాని పేరేమిటో తెలుసా? సంహార.

సంహారం అనగానే మనకి మహిషాసురుడు గుర్తొస్తాడు. కానీ సంస్కృతంలో ఆ మాటకి దగ్గరికి లాక్కోవడం, ఒకచోట చేర్చడం అనే అర్థం కూడా ఉంది. మనం ఉపసంహారం అంటాం చూడండి, చాచింది వెనక్కి తీసుకోవడం, అది. ఒకే మాటలో చంపడమూ ఉంది, చేర్చడమూ ఉంది. రెండు బృందాలు కలిసినప్పుడు జరిగేది కూడా ఆ రెండిట్లో ఒకటే!

మీరు దాని వీడియోలు దొరికితే చూడండి. నేను వీడియోలోనే చూశాను. ఒడిస్సీలో చౌక ఉంది, మన అరమండి లాంటిదే, మోకాళ్ళు పక్కలకి వంచి నలుచదరంగా కూర్చోవడం. కాండ్యన్ వాళ్ళకీ మోకాళ్ళు వంచిన నిలబాటే, మండియ అంటారు. పక్కపక్కన నిలబడితే అన్నదమ్ముల పిల్లల్లా ఉంటాయి. అయితే కదిలితే వేరు. ఒడిస్సీ నడుము దగ్గర మెలి తిరుగుతుంది, కాండ్యన్ వెన్ను నిటారుగా ఉంచి చేతులు బార్లా చాచి పైకి ఎగురుతుంది. ఒకరి వెనక మర్దల, ఒకరి వెనక గెట బెరయ, రెండూ మద్దెల లాంటి వాయిద్యాలే. ఒడిస్సీ వాళ్ళు ఒడిస్సీ వాళ్ళలాగే కనిపిస్తారు, కాండ్యన్ వాళ్ళు కాండ్యన్ వాళ్ళలాగే. కిచిడీ చేయలేదు. అన్నం అన్నంలా, పప్పు పప్పులా, ఒకే విస్తట్లో.

ఇంకో మాట, ఇది పక్కదారి, అయినా చెప్పాలి. కాండ్యన్ నృత్యం ఒకప్పుడు మగవాళ్ళదే. చిత్రసేన భార్య వజిర దాన్ని వృత్తిగా తీసుకున్న మొదటి మహిళ అని చెప్తారు. మరి మన కూచిపూడి? మనదీ అంతే కదా. భాగవతుల ఇళ్ళల్లో మగవాళ్ళే సత్యభామలు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామని చూసినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఉన్నారు, అదిగో, ఇద్దరు ముగ్గురు చేతులెత్తారు. అదృష్టవంతులు. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి, ఎంతోమంది ఆడపిల్లలకి నేర్పారు. ఇవాళ ఈ హాల్లో నేర్చుకునేవాళ్ళని లెక్కపెట్టండి, మగపిల్లలు నలుగురున్నారు. అంటే కూచిపూడి అసలు మారదు, మారకూడదు అని నాతో వాదించడానికి వచ్చే పెద్దలకి నేను చెప్పేది ఇదే. మారబట్టే మనం ఇక్కడున్నాం.

నేల గురించి

ఇప్పుడు నేల గురించి. నవ్వకండి, నిజంగా నేల గురించే. రెండు బృందాలు కలిసేది ఆలోచనల్లో అనుకుంటాం. కాదు, నేల మీద. మనం నేలని కొడతాం, వాళ్ళు నేల మీద దొర్లుతారు. మనకి గట్టిగా శబ్దం రావాలి, వాళ్ళకి మెత్తగా జారాలి. కంటెంపరరీ వాళ్ళు నల్లటి వినైల్ షీట్లు పరుస్తారు, చూసే ఉంటారు, చుట్టలుగా వస్తాయి, పక్కపక్కన వేసి అతుకుల మీద టేపు అంటిస్తారు. చాలా ఖరీదు. దాని మీద మా గజ్జెలతో అడుగు వేస్తే గీతలు పడతాయేమోనని వాళ్ళ ప్రాణం విలవిల్లాడుతుంది. దానికి తోడు మన ఊరి ఉక్క. మే నెలలో రిహార్సల్. సముద్రపు గాలి తేమకి ఆ షీటు సాయంత్రానికి నూనె రాసినట్టయ్యేది. గంటకోసారి తుడవాలి.

మాకు రిహార్సల్‌కి ఇచ్చిన హాలు వాళ్ళు చెక్క నేల ఉందన్నారు. వెళ్ళి చూస్తే సిమెంటు మీద కార్పెట్. అడిగితే "కార్పెట్ కింద ఏముంటే ఏంటమ్మా" అన్నారు. ఎవరని అడక్కండి, చెప్పను. సిమెంటు మీద మూడు వారాలు తట్టితే మోకాలి చిప్పలు ఏమవుతాయో ఇక్కడున్న తల్లిదండ్రులకి చెప్తున్నాను. మీ పిల్లల క్లాసు ఏ నేల మీద జరుగుతోందో ఒక్కసారి వెళ్ళి చూడండి. ఫీజు ఎంతని అడుగుతారు, నేల ఏమిటని ఎవరూ అడగరు.

రెండో వారంలో ఒక రోజు ఆ కలరి అబ్బాయి భుజం మీద నుంచి దొర్లుకుంటూ వచ్చి మధ్యలో ఆగిపోయాడు. అరవలేదు, ఏమీ అనలేదు. లేచి కూర్చుని వీపు చూపించాడు. ఎడమ రెక్క కింద, చర్మంలోకి దిగి, ఒక గజ్జె. మా అమ్మాయిది ఎవరిదో పట్టీ నుంచి ఊడిపోయింది. శనగగింజంత ఉంటుంది, పగిలి అంచు పైకి లేచింది. తీసేసరికి రక్తం. మా పిల్లలు ఒక్కొక్కరూ కూర్చుని ఎవరి పట్టీ వాళ్ళు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. ఎవరిదో తేలింది, ఆ పిల్ల ఏడ్చింది. అతను మాత్రం ఆ గజ్జెని అరచేతిలో వేసుకుని చెవి దగ్గర ఊపి చూశాడు. "లోపల గింజ ఇంకా ఉంది" అన్నాడు.

మర్నాడు ఒకరు అయస్కాంతం తెచ్చారు, దొర్లే ముందు నేలంతా తిప్పుదామని. తిప్పితే గుండుసూదులు వచ్చాయి, గజ్జె ఒక్కటీ రాదు. ఇత్తడి కదా, అయస్కాంతానికి అంటుకోదు. ఆఖరికి హాలు వాచ్‌మన్ చెప్పాడు. లైట్లన్నీ ఆర్పేసి, ఫోన్ టార్చి నేలకి ఆనించి అడ్డంగా వేయమన్నాడు. వేస్తే ఎక్కడ చిన్న ముక్క ఉన్నా పొడుగాటి నీడ పడుతుంది. అప్పటినుంచి రోజూ అదే. చీకట్లో తొమ్మిది మంది బోర్లా పడుకుని టార్చిలు వేసుకుని వెతకడం. ఆ వాచ్‌మనే ఒకసారి నన్ను అడిగాడు, "ఏటమ్మా, ఇదీ డాన్సేనా?" అని. నిజం చెప్పాలంటే, మా రెండు బృందాలూ ఒకరి పేర్లు ఒకరు సరిగ్గా నేర్చుకున్నది ఆ పది నిమిషాల్లోనే.

గజ్జెల సంగతి ఏం చేశాం? మొదటి పన్నెండు నిమిషాలు మావాళ్ళు గజ్జెలు లేకుండా ఆడారు. తర్వాత స్టేజీ మీదే కూర్చుని, కళ్ళకద్దుకుని, అందరి ముందూ కట్టుకున్నారు. అప్పటి నుంచి బెంగళూరు వాళ్ళు దొర్లరు, నిలబడే ఆడతారు. ఆ గజ్జెలు కట్టడం మావాళ్ళు చేస్తే బావుంటుంది, మావాళ్ళ చేతులతో మీవాళ్ళ కాళ్ళకి, అని బెంగళూరు డైరెక్టర్ అడిగింది. చూడటానికి ఎంతో బావుంటుంది, ఒప్పుకుంటాను. మా పెద్ద పిల్ల ఒప్పుకోలేదు. గురువుగారు పూజ చేసి ఇచ్చిన గజ్జెలు ఎవరి చేతికిబడితే వాళ్ళ చేతికి ఇవ్వను అంది. నేనూ బలవంతం చేయలేదు. కొన్నిటికి ఒప్పుకోకపోవడం కూడా కలిసి చేయడంలో భాగమే.

సముద్రం మీద డాన్స్ కదా, ఒక రోజు తెల్లవారుజామున ఆర్కే బీచ్‌కి వెళ్దాం అన్నారు బెంగళూరు వాళ్ళు. వాళ్ళకి ఆ ఆలోచన ఎక్కడిదంటే, పీనా బౌష్ అని జర్మనీలో గొప్ప కొరియోగ్రాఫర్, 1975లో ఆవిడ రైట్ ఆఫ్ స్ప్రింగ్ చేశారు. స్టేజీ అంతా మట్టి పోసి, ఆ మట్టిలో ఆడిస్తారు. ఆవిడ 2009లో పోయారు. తర్వాత ఆవిడ ఫౌండేషన్, సెనెగల్ దేశంలో జెర్మేన్ అకోనీగారి డాన్స్ బడి ఎకోల్ దే సాబ్లె, లండన్ నుంచి శాడ్లర్స్ వెల్స్ థియేటర్, ముగ్గురూ కలిసి, ఆఫ్రికాలోని 14 దేశాల డాన్సర్లు ముప్పై మందికి పైగా పోగై, ఆ నృత్యాన్ని మళ్ళీ నిలబెట్టారు. 2020 మార్చిలో మొదటి ప్రదర్శన జరగాలి. మార్చి 2020 అంటే మీకు చెప్పక్కర్లేదు. అంతా ఆగిపోయింది. ఇళ్ళకి వెళ్ళిపోయే ముందు ఆ బడి ఉన్న ఊరి పక్కన సముద్రపు ఒడ్డున, ఇసుకలో, సాయంత్రం వెలుగులో ఒక్కసారి మొత్తం ఆడారు. అది చిత్రీకరించారు. ఎకోల్ దే సాబ్లె అంటేనే ఇసుకల బడి. 2021 నుంచి ఊరూరా ఆడారు.

మేమూ వెళ్ళాం, ఐదున్నరకి. ఏమైంది? ఇసుకలో అడుగుకి నోరు లేదు. మావాళ్ళు ఎంత తట్టినా చప్పుడు రాదు, కాలు లోపలికి దిగిపోతుంది. పది నిమిషాలకి పిక్కలు పట్టేశాయి. వాళ్ళు మాత్రం హాయిగా దొర్లుతున్నారు. వాకింగ్‌కి వచ్చిన ఒకాయన ఆగి, "ఏటి, షూటింగా? హీరో ఎవరు?" అన్నారు. హీరో లేడు అంటే వెళ్ళిపోయారు. ఆ ఉదయం వల్ల ఒక్క లాభం ఉంది. శబ్దం లేకపోతే తమ అడుగులో ఏం మిగులుతుందో మా పిల్లలు మొదటిసారి చూసుకున్నారు. ఒకమ్మాయికి చాలా మిగిలింది. ఇద్దరికి ఏమీ మిగల్లేదు. వాళ్ళకి నేను చెప్పలేదు, వాళ్ళకే తెలిసిపోయింది.

కాగితం గురించి

కాగితం గురించి రెండు ముక్కలు, బోరు కొట్టినా వినండి. పోస్టర్ మీద ఎవరి పేరు ముందు? మేము రెండు రకాల పోస్టర్లు వేయించాం, ఇక్కడ మాది ముందు, బెంగళూరులో వాళ్ళది ముందు. అది తేలిక. కష్టమైంది ఇంకోటి. రేపు ఆ యాభైఆరు దెబ్బల ఘట్టాన్ని వాళ్ళు ఒక్కళ్ళే ఎక్కడో ఆడితే? మేము ఆడితే? మన 1957 కాపీరైట్ చట్టంలో కొరియోగ్రఫీ కూడా నాటక రచన కింద వస్తుంది. అయితే ఒక మెలిక ఉంది, అది రాతలోనో మరో రూపంలోనో నమోదై ఉండాలి. నోటి మాటగా, కాలి మాటగా ఉంటే లాభం లేదు. ఇద్దరి పనీ విడదీయలేనంతగా కలిసిపోతే ఉమ్మడి కర్తృత్వం అంటుంది చట్టం. అందుకని మొదటి వారంలోనే, స్నేహంగా ఉన్నప్పుడే, ఒక పేజీ రాసుకోండి. గొడవొచ్చాక రాసుకుందాం అంటే రాయడానికి ఎవరూ కూర్చోరు. రిహార్సల్ వీడియో తేదీతో సహా దాచుకోండి. మేము మూడో వారంలో రాసుకున్నాం, రెండు పూటలు మాటల్లేకుండా తిరిగాక.

టికెట్ల గురించి మాట్లాడితే మీలో సగం మందికి నా మీద కోపం వస్తుంది. వంద రూపాయల టికెట్ పెడితే "పాస్‌లు లేవా?" అని అడిగిన ఫోన్లు ఇంకా నా చెవుల్లో మోగుతున్నాయి. అది వదిలేద్దాం.

మా పెద్దాయన అన్న మాట దగ్గరికి వస్తాను. ఒక ఒరలో రెండు కత్తులు. అరకు వైపు గిరిజనులు ఆడే థింసా చూశారు కదా? ఇప్పుడు జిల్లా వేరయింది గానీ మనదే. ఆడవాళ్ళు ఒకరి నడుము వెనక నుంచి ఒకరు చేతులు కలుపుకుని వరస కడతారు. పండగ రోజుల్లో ఒక ఊరివాళ్ళు పక్క ఊరికి వెళ్ళి ఆడి, అక్కడే భోంచేసి వస్తారు. వాళ్ళు ఒర గురించి ఆలోచించరు. వరసలో కొత్తగా చేరే మనిషి చివర చేరుతుంది, పక్క మనిషి అడుగు చూస్తుంది, కొంచెం సేపు తప్పుగా వేస్తుంది, తర్వాత కుదురుతుంది. ఎవరూ ఆపరు. నేను అరకులో అలా చేరాను ఒకసారి. నా పక్కనున్న ముసలావిడ నా నడుము మీద చెయ్యి వేసి, నేను తప్పినప్పుడల్లా ఒక్క నొక్కు నొక్కేది. మాట లేదు. ఆ నొక్కే నాకు తాళం.

సరే, మాటలు చాలు. ఇప్పుడు మీతో ఒకటి చేయిస్తాను. ఈ నడవాకి ఎడమ పక్కనున్న వాళ్ళంతా ఏడు. ఒకటిని గట్టిగా చరచండి, మిగతా ఆరూ వేలితో మెల్లగా. కుడి పక్క వాళ్ళు ఎనిమిది, అలాగే. ఎదటి పక్కని వినకండి అని చెప్పను, వినండి, కానీ మీ లెక్క వదలొద్దు. నేను కర్రతో ఒక్కొక్క దెబ్బా వేస్తూ ఉంటాను. మధ్యలో గందరగోళం అవుతుంది, అవ్వనివ్వండి. మూలనున్న ఆ బాబు యాభైఆరు దాకా పైకి లెక్కపెడతాడు. తప్పినవాళ్ళు ఆగిపోకండి, పక్కవాళ్ళని చూసి మళ్ళీ అందుకోండి.

రెడీయా? తాతగారూ, మీరు కూడా. ఫోన్ పక్కన పెట్టండి. ఇదిగో, ఒకటి.